మీ కేసు ఆ చీటీలోని ఒక్క మాట మీద నిలబడి ఉంది

ప్రశ్న: మా నాన్నగారు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని ఒక థియేటర్‌లో ముప్ఫై రెండేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశారు. పక్షవాతం వచ్చాక మంచం దిగలేకపోతున్నారు. ఆయన కోసం ఇంట్లోనే చిన్న థియేటర్ అమర్చాలని 2023 ధనత్రయోదశి నాడు, అంటే నవంబరు 10న, కోఠిలోని ఒక దుకాణంలో ప్రొజెక్టర్, సౌండ్‌బార్, తెర కొన్నాం. మొత్తం 1,16,000 రూపాయలు. అందులో 90,000 మా బావ ఫోను నుంచి యూపీఐ ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాం. బిల్లు వద్దంటే ఆరు వేలు తగ్గిస్తామన్నారు, సరేనన్నాం. ఒక చీటీ మాత్రం రాసిచ్చారు. ప్రొజెక్టర్ 4కే అని చెప్పి అమ్మారు. ఆ రాత్రి తెర మీద పేర్లు పడుతుండగానే నాన్నగారు ‘అక్షరాల అంచులు చెదురుతున్నాయి, ఇది వాళ్లు చెప్పిన బొమ్మ కాదు’ అని ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఈ జనవరిలో ఒక టెక్నీషియన్ చూసి అది 720పీ యంత్రమని తేల్చాడు. పైగా మాటకూ పెదవులకూ పొంతన కుదరదు. దుకాణదారు ఫోను ఎత్తడం లేదు. తెలిసిన అకౌంటెంట్ ఒకరు 2024 మే నెల తేదీతో బిల్లు తయారుచేసి ఇస్తానంటున్నారు. నాన్నగారి క్షోభకు ఇరవై లక్షలు కోరవచ్చా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీలలో మూడు పేజీలు మీ నాన్నగారి గురించే ఉన్నాయి. ఇక్కడ సారాంశమే ఇచ్చాను. ఆ మూడు పేజీలలో వినియోగదారుల కమిషన్ ముందు లెక్కకు వచ్చే వాక్యం ఒక్కటే, అదీ మీకు ఎదురు తిరిగేదే. కొన్న రాత్రే ఆయన తేడా కనిపెట్టారని మీరే రాశారు. ఫిర్యాదుకు టెక్నీషియన్ చెప్పిన జనవరి నుంచి రెండేళ్ల గడువు ఉందని మీరు నిశ్చింతగా ఉన్నారు. ముప్ఫై రెండేళ్లు తెర మీద బొమ్మను సరిచేసిన మనిషి ఇంట్లో ఉండి, మొదటి రాత్రే ‘ఇది చెప్పిన బొమ్మ కాదు’ అన్న తర్వాత, మాకు పద్నాలుగు నెలల దాకా తెలియలేదని ఏ ముఖంతో వాదిస్తారు?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (అంటే దావాకు దారితీసిన సంగతి) పుట్టిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మీ విషయంలో ఆ గడువు 2023 నవంబరు 10 నుంచే నడుస్తోందని లెక్క వేసుకోండి. నేను ఇది రాస్తున్నది 2025 సెప్టెంబరు రెండో వారంలో. నవంబరు 9 ఆదివారం, 8 రెండో శనివారం. కాబట్టి నవంబరు 7 శుక్రవారాన్నే మీ ఆఖరి రోజుగా పెట్టుకోండి. మధ్యలో దసరా, దీపావళి సెలవులు ఉన్నాయి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్న మాట నిజమే. అయితే తగిన కారణం చూపాలి, ఆ కారణాన్ని కమిషన్ ఉత్తర్వులో నమోదు చేయాలి. చేతిలో ఎనిమిది వారాలు ఉండగా దాని మీద ఆశ పెట్టుకోవడం అవివేకం. అవతలివారు అభ్యంతరం చెప్పకపోయినా కమిషన్ తనంతట తానే గడువును చూడాలని, గడువు దాటిన ఫిర్యాదుపై మంచిచెడ్డలు విచారించి తీర్పు ఇవ్వడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2009లోనే, భారతీయ స్టేట్ బ్యాంకు – బి.ఎస్. అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. పాత చట్టం కింద ఇచ్చిన తీర్పే అయినా నిబంధన అదే. మీరు పంపే నోటీసులు, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఇచ్చే ఫిర్యాదు, దుకాణం చుట్టూ తిరిగిన రోజులు, ఇవేవీ ఆ గడియారాన్ని ఆపవు.

ఇక అసలు విషయం. బొమ్మ మసకగా ఉందన్నది మీ కేసు కాదు. మసక అన్నది కంటికి సంబంధించిన మాట. గదిలో వెలుతురు ఎక్కువైందనో, తెర సరిగా బిగించలేదనో వాళ్లు పది కారణాలు చెబుతారు. వారంటీ గొడవా కాదు. ఆ యంత్రం చెడిపోలేదు, తయారైనట్టుగానే పనిచేస్తోంది. సర్వీస్ సెంటర్ ‘లోపం లేదు’ అని తిప్పి పంపిందని రాశారు, అది అందుకే. మీ ప్రొజెక్టర్ పెట్టె మీద ‘4కే సపోర్ట్’ అని ఉంటుంది. దానికి అర్థం 4కే వీడియోను లోపలికి తీసుకోగలదని మాత్రమే. తెర మీద వేసేది దాని సొంత రిజల్యూషన్‌లోనే. 4కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. 720పీ అంటే 1280, 720. లెక్క వేయండి, సరిగ్గా తొమ్మిదో వంతు. పెట్టె మీద ఆ ‘సపోర్ట్’ అన్న మాట ఉన్నందుకు తయారీదారు తప్పించుకోవచ్చు. దుకాణదారు తప్పించుకోలేడు, ఎందుకంటే ఆయన రాసిచ్చిన చీటీలో ఆ మాట లేదు.

మీరు ‘చిన్న చీటీ’ అని ఒక ముక్కలో తేల్చేసి ఫోటో జతచేశారు కదా, దాన్ని పెద్దదిగా చేసి చూశాను. పైన దుకాణం ముద్ర, తేదీ. కింద చేతిరాతతో ‘4కే ప్రొజెక్టర్ 64,000. అట్మాస్ సౌండ్‌బార్ 38,000. తెర, వైర్లు, ఫిట్టింగ్‌తో 14,000.’ అడుగున గీత గీసి ‘1,16,000 ముట్టింది’ అని సంతకం. చట్టంలో ‘లోపం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి: వ్యాపారి ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న నాణ్యతకు, ప్రమాణానికి వస్తువు తక్కువైతే అది లోపమే. ఇక్కడ వ్యాపారి నోటితో కాదు, కలంతో చెప్పాడు. లేని ప్రమాణం ఉన్నదని చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి కూడా. నగదుగా ఇచ్చిన 26,000కు కూడా ‘ముట్టింది’ అన్న ఆ ఒక్క మాటే సాక్ష్యం.

ఆ ఫోటోలో వెనుకవైపు సిరా ఇటు కనిపిస్తోంది. మీ నాన్నగారి రక్తపోటు మాత్రల జాబితా! లక్షా పదహారు వేలకు ఉన్న ఒకే ఒక్క కాగితం మీద మందుల పేర్లు రాసి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించారు. ఆరు వేలకు ఆశపడి బిల్లు వదులుకోవడం మొదటి తప్పు, ఇది రెండోది. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉన్న ఇంట్లో ఇదేమి నిర్లక్ష్యం? వెనుక రాసినదాన్ని ఇప్పుడు చెరిపే ప్రయత్నం మాత్రం చేయకండి. చెరిపిన కాగితం కన్నా మందుల పేర్లున్న కాగితమే మేలు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బిల్లు లేనంత మాత్రాన మీరు వినియోగదారుడు కాకుండా పోరు. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం చెబుతోంది. తగ్గింపు కోసం మీరు ఒప్పుకున్న సంగతిని ఫిర్యాదులో ఒక వాక్యంలో మీరే చెప్పేయండి. దుకాణదారు నోటి నుంచి వస్తే అది మీ మీద మచ్చ అవుతుంది.

ఆ అకౌంటెంట్ మాట మాత్రం చెవిన పెట్టవద్దు. 2024 మే తేదీతో బిల్లు ఉంటే సాక్ష్యమూ దొరుకుతుంది, గడువూ ఆరు నెలలు పెరుగుతుంది. మీకు ఆశ కలిగింది అందుకే. ఏమవుతుందో వినండి. జీఎస్టీ బిల్లుకు వరుస సంఖ్య ఉంటుంది. ఆ నెల అమ్మకాల రిటర్నుతో అది సరిపోవాలి. మీ బావ బ్యాంకు ఖాతాలో చెల్లింపు 2023 నవంబరులో కనిపిస్తుంది, చీటీ మీదా అదే తేదీ. అవతలి లాయరు ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టిన క్షణం మీ నిజమైన చీటీ కూడా దొంగ కాగితంలా కనిపిస్తుంది. వినియోగదారుల కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అందులో వాడడానికి దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. ఈ రోజు మోసపోయిన మనిషి మీరు. ఆ బిల్లు చేతిలో పెట్టుకుంటే ముద్దాయి మీరే. ఆయనకు ఫోను చేసి వద్దని స్పష్టంగా చెప్పండి, ఈ రోజే.

ఇప్పుడు చేయవలసినవి. డబ్బు వెళ్లింది మీ బావగారి ఖాతా నుంచి. కాబట్టి ఆయన బ్యాంకుకు వెళ్లి ఆ నెల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోవాలి. ఆ 90,000 ఎవరి కోసం, ఏ వస్తువులకు చెల్లించారో అఫిడవిట్ ఇవ్వాలి. దుకాణంవాళ్లతో జరిగిన వాట్సాప్ సంభాషణ ఆయన ఫోనులోనే ఉందన్నారు. పండగ ఆఫరు వచ్చిందని ఆ ఫోను మార్చనివ్వకండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జతచేయండి. అందులో మొదటి భాగం మీ బావ, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కోర్టుల అంత కఠినంగా పట్టించుకోకపోయినా, అభ్యంతరం వస్తే జవాబు సిద్ధంగా ఉండాలి.

జనవరిలో చూసిన టెక్నీషియన్ నోటిమాటగా చెప్పి వెళ్లిపోయాడు. ఆయనను మళ్లీ పిలవండి. యంత్రం అడుగున ఉన్న స్టిక్కర్ మీది మోడల్ నంబరు, సీరియల్ నంబరు స్పష్టంగా ఫోటో తీయించండి. ఒక్క చుక్క వెడల్పున నలుపు, తెలుపు గీతలు వరుసగా ఉండే 4కే పరీక్ష చిత్రాన్ని తెర మీద వేయించండి. నిజమైన 4కే యంత్రంలో గీతలు విడివిడిగా కనిపిస్తాయి, మీ దానిలో కలగలిసిపోయి బూడిదరంగు ముద్దలా పడతాయి. అది ఫోటోతో సహా తేదీ వేసి, ఆయన లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. అవతలివారు దాన్ని ఒప్పుకోకపోతే సెక్షన్ 38 కింద ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. అందుకే యంత్రాన్ని అమ్మకండి, మార్చకండి, విప్పించకండి.

దుకాణం బోర్డు మీది పేరుతో కేసు వేస్తే నోటీసు తిరిగి వస్తుంది. బోర్డు మీద జీఎస్టీ నంబరు ఉండాలన్నది నిబంధన. అక్కడికి వెళ్లి ఆ నంబరు రాసుకోండి, జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే చట్టపరమైన పేరు, చిరునామా దొరుకుతాయి. ఆ పేరు మీద పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫిర్యాదుకు ముందు నోటీసు తప్పనిసరి కాదు కాబట్టి జవాబు కోసం ఎదురుచూడకండి. ఫిర్యాదు ముసాయిదా ఈలోపే తయారు కావాలి. మీరు ఉంటున్నదీ కొన్నదీ హైదరాబాద్ జిల్లాలోనే కాబట్టి జిల్లా కమిషన్‌లో వేయాలి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అక్టోబరు 15 నాటికి ఫిర్యాదు లోపలికి వెళ్లాలి. ఏదైనా లోటు ఉందని తిప్పి పంపితే సరిచేయడానికి మిగిలేది ఆ తర్వాతి మూడు వారాలే.

మాటకూ పెదవులకూ పొంతన లేకపోవడానికి కారణం సౌండ్‌బార్‌ను బ్లూటూత్‌తో కలపడం. ఆ దారిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే) శబ్దమూ రాదు. హెచ్‌డీఎంఐ వైరు ద్వారా కలపవలసింది. చీటీలో ‘ఫిట్టింగ్‌తో’ అని ఉంది కాబట్టి దీన్ని సేవాలోపంగా ఒక పేరాలో చెప్పండి, అంతకు మించి సాగదీయకండి. సౌండ్‌బార్ తనంతట తాను బాగానే ఉంది, దాని ధర వెనక్కి అడిగితే అసలు కోరిక పలుచనవుతుంది. ప్రొజెక్టర్ ధర 64,000, దాని కోసమే కొన్న తెర, ఫిట్టింగ్ ఖర్చు 14,000, వడ్డీ, సబబైన నష్టపరిహారం, ఖర్చులు కోరండి. ఇరవై లక్షల మాట మరిచిపోండి. అంకె చూడగానే కమిషన్‌కు మీ మీద నమ్మకం సడలుతుంది. రెండేళ్లుగా వాడుతున్నారు కదా అని తప్పకుండా అడుగుతారు. ఎంత వాడారో నిజం చెప్పండి. కాలనీ వినాయక మండపంలో ఒక రాత్రి క్రికెట్ మ్యాచ్ వేశామని రాశారు. డబ్బు తీసుకోలేదు కాబట్టి ఫరవాలేదు. అద్దెకు ఇచ్చి ఉంటే, వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారన్న అభ్యంతరం ఎదుర్కోవలసి వచ్చేది. ఇకముందు కూడా ఇవ్వకండి.

ఈ పండగలకు ఇలాంటివి కొనబోయే ఇతర పాఠకులకు ఒక మాట. మోడల్ నంబరు, ‘నేటివ్’ (యంత్రం సొంత) రిజల్యూషన్, ‘ఆన్సీ’ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) బిల్లు మీద రాయించుకోండి. ఉత్త ‘ల్యూమెన్లు’ అని వేసే పెద్ద అంకెలను నమ్మకండి. రాయడానికి దుకాణదారు వెనకాడితే పక్క దుకాణానికి వెళ్లండి.

మీ నాన్నగారి అఫిడవిట్ కూడా వేయండి. కొన్నవారి అనుమతితో వాడుకునే వ్యక్తి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. అందులో ఆయన అనారోగ్యం గురించి రెండు వాక్యాలు చాలు. ఎన్నేళ్లు ఆపరేటర్‌గా చేశారో, ఆ రాత్రి తెర మీద ఏమి చూశారో ఆయన మాటల్లోనే, తేదీతో సహా రాయించండి. ఆ వాక్యాన్ని దాచవద్దు. గడువు లోపల దాఖలు చేస్తే అది మీ వైపు బలమైన సాక్ష్యం. చేయి వణుకుతుందన్నారు కాబట్టి సంతకం కుదరకపోతే వేలిముద్ర వేయించండి, నోటరీని ఇంటికే పిలిపించండి.

ఈ సాయంత్రం మందుల జాబితాను వేరే కాగితం మీద ఎక్కించి ఫ్రిజ్‌కు పెట్టండి. చీటీని రెండువైపులా స్కాన్ చేయించి, లామినేషన్ చేయించకుండా, మడత పెట్టకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచండి.