బొమ్మలకీ టార్గెట్టేనా?

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. నాకు 37 ఏళ్లు, విశాఖలో ఒక బ్యాంకు బ్రాంచిలో పని. పొద్దున్న తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ బయటపడను. కౌంటర్ పని ఒక ఎత్తు, ఇన్సూరెన్స్ టార్గెట్లు ఇంకో ఎత్తు. ఏడాదిగా ఆదివారం కూడా మంచం దిగాలనిపించడం లేదు, కస్టమర్ అదే మాట రెండోసారి అడిగితే చిరాకు, ఇదివరకు నేనిలా ఉండేదాన్ని కాదు. రోజూ ఒక బొమ్మ వేస్తే తేలికపడతావని స్నేహితురాలు చెబితే స్కెచ్‌బుక్కు, 24 రంగుల వాటర్ కలర్ పెట్టె కొని, వంద రోజులు వంద బొమ్మలు అని స్టేటస్‌లో పెట్టి మరీ మొదలుపెట్టాను. పదకొండో రోజు ఆగిపోయింది. ఇప్పుడు ఆ పుస్తకం కనిపిస్తే చాలు, ఇది కూడా నాకు చేతకాలేదు అనిపిస్తోంది. నాకిది పనికిరాదంటారా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, బ్యాంకులో ఉన్నది చాలలేదని ఇంట్లో కూడా టార్గెట్ పెట్టుకున్నారు, రివ్యూ మీటింగ్ ఒక్కటే తక్కువ. పది రోజులు లాగారంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది.

మీరు రాసినవి మూడు: ఓపిక లేకపోవడం, వచ్చినవాళ్ల మీద చిరాకు, చేతకావడం లేదన్న దిగులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కి ఇచ్చిన వివరణలోనూ ఇంచుమించు ఈ మూడే ఉన్నాయి. దాన్ని వాళ్లు జబ్బు అనలేదు, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సంభాళించుకోలేకపోతే వచ్చేది అన్నారు. ఆ పనిచోట అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

బొమ్మలు పనికొస్తాయా అంటే, వస్తాయి. అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 39 మంది పెద్దవాళ్లకి మట్టి, స్కెచ్ పెన్నులు, అతికించుకునే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టం వచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా ఉమ్ములో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎంతుందో చూస్తే దాదాపు 75 శాతం మందికి తగ్గింది, 2016లో అచ్చయింది ఇది. అంత కొద్దిమందిని, అదీ ఒక్క పూట చూసి అందరికీ ఇంతే అనలేం గానీ, బొమ్మలు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ పెద్ద తేడా లేకపోవడం నాకు నచ్చింది. (ఏళ్ల తరబడి డ్రాయింగ్‌కి మార్కులు వేసినదాన్ని, ఈ మాట ఒప్పుకోవడం కొంచెం కష్టంగానే ఉంది.)

చిన్నప్పుడు మీ ఇంట్లో అమ్మో అమ్మమ్మో తెల్లారి ముగ్గు వేసేవారు కదా. పాలవాడు తొక్కేవాడు, సైకిళ్లు వెళ్లేవి, సాయంత్రానికి సగం చెరిగిపోయేది, మర్నాడు కళ్లాపి చల్లి మళ్లీ కొత్తది. ఇప్పటికి ఎన్ని ముగ్గులు వేశావని ఆవిడనెవరూ అడగలేదు. జ్వరం వచ్చి ఒక రోజు మానేస్తే మర్నాడు బాకీ తీర్చడానికి రెండు ముగ్గులు వేయలేదు. ఇంకోటి, చేతినిండా పిండి ఉంటే ఫోను ముట్టుకోలేం.

మీరూ అలాగే వేయండి. ఆ స్కెచ్‌బుక్కు బీరువాలో పెట్టేసి, పాత క్యాలెండర్ కాగితం వెనక బాల్‌పెన్నుతో పది నిమిషాలు, ఇంటికి రాగానే టీ మరిగేలోపు. ఎదురుగా ఏముంటే అది, కుక్కర్ మూతో, గుమ్మంలో విప్పిన చెప్పులో. వేశాక చించేసినా పరవాలేదు, ఎవరికీ చూపించకండి. మధ్యలో నాలుగు రోజులు మానేశారా, ఐదో రోజు ఒక్కటే వేయండి.

చెప్పులంటే గుర్తొచ్చింది. ఉద్యోగం చివరి ఏళ్లలో బొమ్మలు నేర్పే నేనే రెండేళ్లు పెన్సిల్ ముట్టలేదు, సర్వేలు, రిజిస్టర్లు, పరీక్షల డ్యూటీలు, ఇంటికొచ్చి గోడ చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత లాసన్స్ బే ఒడ్డున కూర్చుని పడవలు గీయడం మొదలుపెట్టాను. పడవ ఒక్క తీరున ఉండదు, ముక్కు గీసి తోక దగ్గరికి వచ్చేసరికి అల దాన్ని తిప్పేస్తుంది. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నా కాగితంలోకి తొంగిచూసి "ఇయ్యేటమ్మా, సెప్పులా?" అన్నాడు. ఎన్నాళ్లకో పగలబడి నవ్వాను. ఇప్పటికీ నా పడవలు చెప్పుల్లాగే వస్తాయి.

ఇక పనిచోటు సంగతి. మీరెన్ని బొమ్మలు వేసినా బ్రాంచిలో మనుషులు పెరగరు, టార్గెట్ తగ్గదు. మిగిలిన సెలవులు చూసుకుని ఒక వారమైనా తీసుకోండి, ఆ వారం ఆఫీసు గ్రూపు మ్యూట్ చేయండి. మీ మీద ఏయే పనులున్నాయో కాగితం మీద రాసుకుని మేనేజర్‌తో మాట్లాడండి, నోటిమాటగా చెబితే అందరికీ ఉన్నదే కదా అనేస్తారు. సెలవులో కూడా నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన తిండి, ఇష్టమైన మనుషులు కూడా రుచించకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి, అది డిప్రెషన్ కావచ్చు, దానికి బొమ్మలు చాలవు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, ఏ వేళ చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ 24 రంగుల పెట్టె ఎవరికీ ఇచ్చేయకండి. ఎప్పుడైనా భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్లాలనిపిస్తే పట్టుకెళ్లండి. ఎరుపు, గోధుమ రంగు తప్ప పెద్దగా ఏమీ ఖర్చు కావు.