నానమ్మ ప్లేటు కోసం తిరుగుతున్న అల్లుడికి

హన్మకొండ

అల్లుడూ,

నీ వాట్సాప్ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కూర్చొని రాస్తున్నాను.

మీ నానమ్మ చిన్నప్పుడు పరకాలలో విన్న హరిశ్చంద్ర నాటకం పద్యాల గ్రామఫోను ప్లేటు కావాలంటున్నావు. రెండు నెలలుగా నెట్‌లో పద్యం మొదటి ముక్క కొట్టి చూస్తున్నావట. అట్లా దొరకదు. కాటిసీను పద్యాలు ఆ రోజుల్లో పాడని నటుడు లేడు. పద్యం పట్టుకొని వెతికితే పదిమంది దొరుకుతారు, నీకు కావాల్సినవాడు తప్ప. నువ్వు పట్టుకోవాల్సింది ప్లేటు నంబరు.

దానికి మళ్లీ నానమ్మ దగ్గరే కూర్చోవాలి. పాడిందెవరని అడగకు. ఆ ప్రశ్నతో ఆమెను ఇప్పటికే విసిగించి ఉంటావు. ప్లేటు మీద బొమ్మ ఏముండేదో అడుగు. చదువు రాని పిల్లలకు కూడా బొమ్మ గుర్తుంటుంది. కుక్క కూర్చొని గ్రామఫోను వింటుంటే హెచ్.ఎం.వి. కంపెనీది. సంగీతం రాసే గుర్తులు రెండు జంటగా ఉంటే కొలంబియా. గుమ్మటమున్న మేడ అయితే ఓడియన్. ఆ ఓడియన్ ప్లేట్ల వ్యాపారమే మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పేరుతో నడిచింది. అది నడిపిన మెయ్యప్పన్ చెట్టియారే తర్వాత ఏవీఎం స్టూడియో పెట్టాడు. ఇంకో మాట అడుగు: పద్యం మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయేదా? పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. అందుకని నాటకాన్ని నాలుగైదు ప్లేట్ల సెట్టుగా తెచ్చేవాళ్లు, ఎన్నో భాగమో లేబుల్ మీద వేసేవాళ్లు. మీ నానమ్మ విన్నది అలాంటి సెట్టులో ముక్క అయితే, నువ్వు వెతకాల్సింది పద్యాన్ని కాదు, ఆ సెట్టు పేరును.

మన దగ్గర కొలంబియా ప్లేట్ల కంపెనీ ఇప్పుడు లేదు కదా అని చేతులెత్తెయ్యకు. 1931లో ఇంగ్లండులో కొలంబియా, హెచ్.ఎం.వి. రెండూ ఈ.ఎం.ఐ. కింద ఒక్కటయ్యాయి. ఆ తర్వాత మన దగ్గర లేబుల్ మీద బొమ్మలు వేరైనా, ప్లేట్లు అచ్చయింది కలకత్తా పక్కన డమ్ డమ్ ఫ్యాక్టరీలోనే. ఆ ఫ్యాక్టరీ నడిపిన గ్రామఫోను కంపెనీయే 2000లో సారెగామా అని పేరు మార్చుకుంది. అంటే నువ్వు ఉత్తరం రాయాల్సిన గడప ఒకటే. కానీ "మా నానమ్మ విన్న పాట" అని రాస్తే ఎవరూ పలకరు. నంబరు రాస్తే పలికే ఆశ ఉంటుంది.

నంబర్లు రెండుంటాయి, ఇది బాగా గుర్తుపెట్టుకో. లేబుల్ మీద అచ్చేసింది కేటలాగు నంబరు. హెచ్.ఎం.వి. అయితే ఎన్ అక్షరంతో, కొలంబియా అయితే జి.ఇ.తో మొదలయ్యేవి మన వైపు ఎక్కువ కనబడతాయి. ప్లేటు రెండు వైపులా ఆ నంబరు ఒకటే. లేబుల్ చుట్టూ గీతలు అయిపోయిన నున్నటి చోట, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే, సన్నగా చెక్కిన ఇంకో నంబరు కనబడుతుంది. దాన్ని మాట్రిక్స్ నంబరు అంటారు. ఆ వైపు రికార్డింగుకు అది ఇంటిపేరు లాంటిది. అదే రికార్డింగును తర్వాత వేరే కేటలాగు నంబరుతో మళ్లీ అచ్చేసినా ఇది మారదు. ఒకసారి ఒకే పాటకు రెండు ప్లేట్లు దొరికాయని పండగ చేసుకున్నాను. మాట్రిక్స్ చూస్తే రెండూ ఒకటే. డబ్బులు దండగ.

ఎక్కడ వెతకాలంటావా? హైదరాబాదులో జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే అక్కడ మంచివి నీ దాకా రావు. పైగా నోట్లోంచి "యాంటిక్" అనే మాట వచ్చిందంటే ధర అక్కడికక్కడే మూడింతలు. నా అనుభవంలో మన వైపు అసలు నిధి మైకు సెట్టువాళ్ల ఇళ్లు. పెళ్లిళ్లకు, గణపతి నవరాత్రులకు, కాజీపేట దర్గా ఉర్సుకు హారన్లు కట్టి ప్లేట్లు వేసింది వాళ్లే. ఇప్పుడు కొడుకులు డీజేలు పెట్టుకున్నారు, పెట్టెలు అటక మీద ఉన్నాయి. పాత టాకీసుల ఆపరేటర్లు కూడా. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల "నమో వెంకటేశా" వేసిన చేతులవి, వాళ్లను మర్చిపోకు. వెళ్లగానే ప్లేట్లున్నాయా అనకు. చాయ్ తాగు, ఏ పెళ్లిలో ఏం వేసేవారో అడుగు. పెట్టె దానంతటదే దిగుతుంది. ఇవ్వనంటే బలవంతం వద్దు, ప్లేటు రెండు వైపులా లేబుల్ ఫోటో తీసుకో. ప్లేటు లేకపోయినా నీకు నంబరు దక్కింది కదా.

దొరికాక నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. హుజూరాబాద్ నుంచి తెచ్చిన ప్లేటు బూజు పట్టి ఉందని స్పిరిట్ పెట్టి తుడిచాను. పాత ప్లేట్లు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పది నిమిషాల్లో ఒక గొంతు పోయింది. ఇప్పటికీ ఆ ప్లేటు పారెయ్యలేదు, బీరువాలో ఉంది. మెత్తని బ్రష్షు, కొంచెం తడి బట్ట చాలు, లేబుల్ తడవకుండా. బస్సులో తెచ్చేటప్పుడు నిలబెట్టి ఒళ్లో పెట్టుకో. ఒకదాని మీద ఒకటి పేర్చి సీటు కింద పెడితే నర్సంపేట రోడ్డు గుంతలకు రెండు ముక్కలే. చాబీ తిప్పే గ్రామఫోను మీద మోజుపడి మాత్రం వేయకు. ముల్లు బిగించే దాని బరువైన సౌండు బాక్సు గీతలను తినేస్తుంది. 78 స్పీడున్న మెషిన్, ఆ వెడల్పు గీతలకు సరిపోయే లావు ముల్లు ఉన్నవాడి దగ్గర రికార్డు చేయించు. గరగర శబ్దం తీసేయకుండా ఒక కాపీ అట్లాగే ఉంచుకో.

అడగకపోయినా ఒకటి చెబుతాను. ప్లేట్ల కన్నా నాకు క్యాసెట్ల మీదే టెన్షన్. మేడారం, వేములవాడ, కొమురవెల్లి జాతరల్లో తోపుడుబండ్ల మీద అమ్మిన ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు, అన్నీ చిన్న చిన్న కంపెనీలవి. వాటికి డమ్ డమ్ లేదు, లెడ్జరు లేదు. ఒక్కో కంపెనీకి మిగిలిన చరిత్ర అట్ట మీది అడ్రసు, ఐదంకెల ఫోన్ నంబరు, అంతే. ఆ అట్టను పారెయ్యొద్దు, ముందూ వెనకా ఫోటో తీయి. ఆ అడ్రసుకు వెళ్తే ఇప్పుడు మొబైల్ షాపు ఉంటుంది, పక్క కిరాణా ముసలాయనను అడుగు. టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందని క్యాసెట్ పనికిరాదనుకునేరు. వేరే క్యాసెట్‌ది తీసి అతికిస్తే పాడుతుంది.

దొరికింది దొరికినట్టు యూట్యూబ్‌లో పెట్టకు. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మీ నానమ్మ ప్లేటుకు ఆ గడువు దాటిపోయింది, కానీ పద్యం రాసిన కవి హక్కు ఆయన పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. క్యాసెట్లకైతే రికార్డింగు హక్కు ఇంకా బతికే ఉంది.

దసరాకు వచ్చేటప్పుడు నానమ్మ చెప్పిన బొమ్మ ఏదో రాసుకొని రా. జమ్మికుంటలో ఒక మైకు సెట్టాయన అటక మీద రెండు పెట్టెలున్నాయి, నేను సగమే చూశాను. నిచ్చెన ఎక్కడం ఇక నా మోకాళ్లతో కాదు.

మీ పెద్దమామ