అల్లుడూ, ముందు బండి కింద పడుకుని చూడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. రోడ్డు లేని చోట్లకి తిరగడానికి చిన్న జీపు కొంటానన్న నీ మెసేజ్ చూశాను. నాలుగు ఫొటోలు, పదకొండు ప్రశ్నలు. ఫోన్లో చెబితే సగం విని, ఆఫీసు కాల్ వచ్చిందని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడి చేత ఆ జీపు కొనిపించకు" అంది. "చూద్దాంలే" అన్నాను. నా చూద్దాంలేకి అర్థం మీ అమ్మకి బాగానే తెలుసు.

నువ్వడిగినవన్నీ బండి కొన్నాక వేయించే వాటి గురించే. లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) ఎన్ని అంగుళాలు, స్నార్కెల్ (నీళ్లలో దిగినప్పుడు ఇంజిన్‌కి గాలి అందించే గొట్టం) ఎక్కడ, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు తాడు) ఏ కంపెనీ. అసలు బండి ఏదో మాత్రం అడగలేదు. బండి ఎంపిక సరిగ్గా కుదిరితే ఆ లిస్టులో సగం అక్కర్లేదు. కుదరకపోతే మొత్తం వేయించినా లాభం లేదు.

మూడు చూడు: బరువు తక్కువ ఉండాలి, లో రేంజ్ ఉండాలి, కాగితాలు శుభ్రంగా ఉండాలి. లో రేంజ్ అంటే ట్రాక్టర్లో లో గేరు లాంటిదే. ఇంజిన్ ఎక్కువ తిరిగి చక్రం తక్కువ తిరుగుతుంది, లాగే బలం పెరుగుతుంది. రాళ్ల మీద నడకంత నిదానంగా పోవచ్చు, దిగుడులో బ్రేకు తొక్కకుండా దిగొచ్చు. ఇది లేకపోతే ఎంత పెద్ద టైర్లు వేసినా క్లచ్ కాల్చుకోవడమే. నువ్వు పంపిన ఫొటోల్లో మూడోది మహీంద్రా థార్, వెనక చక్రాలకే పవర్ ఉన్న రకం. 2023లో వచ్చింది, దానికి లో రేంజ్ ఉండదు. బయటికి ఒకేలా కనిపిస్తుంది కాబట్టి మోసపోయే వాళ్లున్నారు. గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డు ఉందో లేదో చూసుకో.

ఇక మారుతి జిప్సీ. 1985 చివర్లో వెయ్యి సీసీ ఇంజిన్‌తో మొదలైంది. 1996లో 1300 సీసీ జిప్సీ కింగ్ వచ్చింది, ఆ తర్వాత కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌తో 80 హార్స్ పవర్. నీకు కావలసింది ఈ ఎంపీఎఫ్ఐ. బరువు వెయ్యి కిలోల దగ్గర. బురదలో దిగితే నలుగురు కుర్రాళ్లు పట్టి లేపేయగలరు. నా జిప్సీ ఎన్నిసార్లు అలా లేచిందో లెక్కలేదు. ముందూ వెనకా కమాన్ కట్టలే (లారీకుండే ఇనుప పట్టీల స్ప్రింగులు) కాబట్టి మన ఊరి లారీ మెకానిక్కి కూడా అర్థమయ్యే బండి. కానీ నడుముకి నరకం, ఏసీ ఉండదు, తయారీ ఆగిపోయింది. దొరికేవన్నీ పాతవే.

మారుతి వాళ్లదే జిమ్నీ 2023 జూన్‌లో వచ్చింది. సుమారు 1,200 కిలోలు. ముందూ వెనకా గట్టి ఇరుసులు, వాటికి కాయిల్ స్ప్రింగులు. చక్రం గాల్లో తిరిగితే కంప్యూటరే దానికి బ్రేకు వేసి రెండో పక్కకి బలం పంపిస్తుంది. ఐదు తలుపుల బండి కాబట్టి పొట్ట కాస్త పొడుగు, గట్టు మీద పడవలా నిలబడిపోయే ప్రమాదం ఉంది. దీనికి రెండంగుళాల లిఫ్ట్ పనికొస్తుంది. 2020లో వచ్చిన కొత్త థార్ బలమైన బండే కానీ దరిదాపు 1,700 కిలోలు. పైగా ముందు పక్క ఒక్కో చక్రం విడిగా ఆడే ఇండిపెండెంట్ సస్పెన్షన్, ఎత్తు పెంచడం అంత తేలిక కాదు. చిన్న బండి అన్నావు కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

రోజూ ఆఫీసుకీ అదే బండి అయితే జిమ్నీ తీసుకో, ఇంకో మాట లేదు. ఆదివారాలకి రెండో బండి అయితే జిప్సీ.

జిప్సీ చూడటానికి వెళ్తే పాత చొక్కా వేసుకుని వెళ్లు. పైన పెయింట్ చూడకు, కింద పడుకో. వెనక కమాన్ కట్టలు ఛాసిస్‌కి తగిలే చోట స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ రా. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది పుచ్చిన గుమ్మడికాయలా మొద్దుగా మోగుతుంది. ఒక్కచోట కొత్తగా నల్ల రంగు వేసి ఉంటే అక్కడ ఇంకో రెండు దెబ్బలు వెయ్యి, అక్కడే ఏదో దాచారు. సీటు కింద కార్పెట్ లేపు. ముందు చక్రాల లోపలి వైపు గుండ్రటి కప్పుల దగ్గర గ్రీజు కారి మట్టి పేరుకుని ఉంటే సీళ్లు పోయినట్టు. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది.

తర్వాత మట్టి రోడ్డు మీదికి తీసుకెళ్లి ఫోర్-లో (నాలుగు చక్రాలకీ పవర్, లో రేంజ్) వెయ్యి. తారు రోడ్డు మీద వెయ్యకు. ముందూ వెనకా ఇరుసులు బిగుసుకుని గేర్లు అరుస్తాయి. ఫస్ట్ గేర్లో దిగుడు దిగుతూ యాక్సిలరేటర్ వదిలెయ్. రాడ్డు దానంతట అదే బయటికి ఎగిరిపడితే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందూ వెనకా ఇరుసులకి బలం పంచే గేర్ల పెట్టె, అరిగిపోయింది. సరిగ్గా అవసరమైన దిగుడులోనే అది మొండిచెయ్యి చూపిస్తుంది. ఆ బండి వద్దు.

మిలిటరీ వేలంలో వచ్చిన బండి అంటే మురిసిపోకు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నవేనా, పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందా చూడు. ఇప్పటికే మార్పులు చేసిన బండి ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఇంకా వద్దు. వాడి ప్రయోగాలకి నువ్వు డబ్బు కట్టినట్టు.

నా ప్రయోగం కూడా చెప్పాలిగా. కొన్న ఆరు నెలలకే నాలుగంగుళాలు లేపించాను. ఎంత రాజసంగా ఉండేదో! రంపచోడవరం రోడ్డు మీద అరవైలో పోతుంటే ఒక గుంట తగిలి, స్టీరింగు చేతుల్లో కోడిపిల్లలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బండి ఆపితేగానీ ఆగలేదు. నెల తిరక్కుండా ఇరుసుకి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ విరిగింది. ఎత్తు పెరిగితే షాఫ్ట్ వాలు పెరుగుతుంది, ముందు ఇరుసు కోణం మారుతుంది. అవి సరిచేయకుండా కట్టలు మాత్రం లేపేశారు. అడగని తప్పు నాదే. మళ్లీ దింపించి రెండంగుళాల దగ్గర ఆగాను.

ఇంకో సంగతి. లిఫ్ట్ వేస్తే బాడీ లేస్తుంది, ఇరుసు లేవదు. రాయికి తగిలేది ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్. దాన్ని లేపేది టైరు ఒక్కటే. జిప్సీ కింగ్ 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. 235/75 వేస్తే 73 దాటుతుంది. అందులో సగం, అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు, ఇరుసు కింద జాగా పెరుగుతుంది. కానీ ఏ గేర్లోనైనా లాగడం ఇంజిన్‌కి పదిశాతం బరువవుతుంది, మీటరు అరవై చూపిస్తుంటే నువ్వు అరవై ఆరులో ఉంటావు, బ్రేకులకీ పని పెరుగుతుంది. అందుకే మొదట అసలు సైజులోనే తారుకీ మట్టికీ పనికొచ్చే మంచి ఆల్ టెర్రైన్ టైర్లు వేయించు. మట్టిలోకి దిగేటప్పుడు గాలి 18 పీఎస్ఐకి దింపు. ఆ తేడా చూశాక లిఫ్ట్ సంగతి నువ్వే మరిచిపోతావు. తిరిగి నింపడానికి చిన్న కంప్రెసర్ తప్పనిసరి. నల్లరేగడి తడిసిందంటే మాత్రం ఏ టైరూ పనికిరాదు, టైరు గాడులన్నీ పూడిపోయి గుండు టైరు అయిపోతుంది. ఆ రోజు ఇంట్లో పకోడీలు తిను.

టైర్ల తర్వాత డబ్బు పెట్టాల్సింది లాగే సామాన్ల మీద. ఛాసిస్‌కి బిగించిన గట్టి కొక్కేలు ముందొకటి వెనకొకటి, మంచి తాడు, దాన్ని కొక్కేనికి తగిలించే షాకిల్స్ (ఇనుప కడియాలు). ట్రాలీ తగిలించే ఇనుప బంతికి ఎప్పుడూ తాడు కట్టకు. అది విరిగి తుపాకీ గుండులా వస్తుంది, దాని వల్ల మనుషులు పోయారు. తాడు మీద తడి గోనెసంచి వేసి, అందర్నీ దూరంగా నిలబెట్టి లాగాలి. స్నార్కెల్ సంగతా? మన సిటీలో స్నార్కెల్ బళ్లన్నీ ఇడ్లీ కొట్టు దాకానే వెళ్తాయి.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ముందు కట్టే ఇనుప బుల్ బార్లని 2017లోనే వద్దన్నారు. ఏ మార్పుకైనా ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడుగు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా దూరడం కూడా నేరమే, వీడియో పెట్టాక దొరికిపోతారు.

మొదటి ఏడాది ఏమీ మార్చకుండా తోలు. ఎక్కడ పొట్ట తగులుతోంది, ఎక్కడ చక్రం గాల్లోకి లేస్తోంది, ఓ చిన్న పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకం నాకు పంపించు, ఏం వేయించాలో అప్పుడు చెబుతాను.

ఆదివారం ఆ ఆకుపచ్చ జిప్సీ చూడటానికి వెళ్తున్నావుగా. వీడియో కాల్ చెయ్యి. నీ మొహం కాదు, ఛాసిస్ చూపించు. మీ అమ్మ పక్కన లేనప్పుడు చెయ్యి.

మీ మామయ్య