చిల్లర సంగతులు: ఉన్న రూపాయినే మళ్లీ ఎందుకు కొంటారు?

ఈ శీర్షికకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది అడిగేది ఒక్కటే: "నా దగ్గరున్న నాణేనికి ఎంతొస్తుంది?" ఈ నెల వాటిని పక్కన పెట్టి, "ఎందుకు" అని అడిగినవే ఏరాను. ధర అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి. ఓపిక పడితే నాణేలకు నష్టమేమీ లేదు.

మా వారు నిజాం కాలపు చార్మినార్ రూపాయలు కూడబెడతారు. డబ్బా నిండింది. నా కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. మొన్న మళ్లీ ఒకటి కొనుక్కొచ్చారు. వెండి కోసమా అంటే కాదంటారు. ఇంతకీ దీని మర్మమేమిటి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

వెండి కోసం కాదన్న మాట నమ్మండమ్మా. వెండే కావాలంటే ఆయన పాత ఇంగ్లీషు రూపాయి కొనేవారు. అందులో దాదాపు 92 శాతం వెండి. చార్మినార్ రూపాయిలో 82 శాతం కూడా ఉండదు, పైగా బరువు అర గ్రాము తక్కువ. నిజాం రూపాయిని హాలీ అని, ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అని పిలిచేవారు. ఆ రోజుల్లో 7 హాలీ రూపాయలిస్తే 6 కల్దార్లు వచ్చేవి. రెండింట్లో ఉన్న వెండి లెక్క కట్టి చూడండి, తేడా ఇంచుమించు అంతే తేలుతుంది.

ఇక అన్నీ ఒకేలా ఉంటాయన్నారు. ఆయన ఇంట్లో లేనప్పుడు డబ్బా తీసి, కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దంతో చార్మినార్ నడుమ ఉన్న ద్వారంలోకి చూడండి. గోరంత అక్షరం ఒకటి కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నాణెమైతే అది 'మీమ్', ఉర్దూలో ఆయన పేరు మొదటి అక్షరం. 1911లో ఆయన పోయి ఉస్మాన్ అలీఖాన్ గద్దె ఎక్కాక అదే ద్వారంలోకి ఆయన పేరు మొదటి అక్షరం 'ఐన్' వచ్చింది. అది కూడా మొదట్లో పొట్టిగా, సగమే చెక్కారు. తర్వాత నిండుగా చెక్కారు. అచ్చు దిమ్మ మీద ఎవరో ఒక చెక్కుడు పనివాడు చేసిన మార్పు. ఆ పొట్టి ఐన్ ఉన్నవి తొలి ఒకటి రెండు హిజ్రీ సంవత్సరాలవే. మీ ఆయన మొన్న తెచ్చింది బహుశా అదే అయ్యుంటుంది. మీకు ఉన్నదే మళ్లీ తెచ్చినట్టు కనిపించింది, ఆయనకు లేనిది దొరికింది.

రెండు నాణేల మధ్య తేడా తన కంటితో తాను పట్టుకున్న రోజున మనిషి ఇందులో ఇరుక్కుంటాడు. అంతకుముందు దాకా అది ఉత్త డబ్బే. నేను ఆర్టీసీ డిపోలో క్యాష్ కౌంటర్ మీద బతికినవాణ్ణి. కండక్టర్లు రాత్రిపూట సంచులు బోర్లిస్తే బల్ల మీద చిల్లర గుట్టలు పడేవి. నాతో పాటు ముగ్గురం లెక్కపెట్టేవాళ్లం. తేదీ కింద చుక్క ఉందా, నక్షత్రం ఉందా అని చూసే రోగం నాకొక్కడికే పట్టింది. నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు, డైమండ్ ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. మిగతా ఇద్దరూ ఇప్పటికీ హాయిగా ఉన్నారు.

అయితే ఏ నాణెం పట్టుకుంటామన్నది మన చేతుల్లో ఉండదేమో అనిపిస్తుంది. మీ ఓరుగల్లు వైపు తాతల పెట్టెల్లో హాలీ సిక్కాలు దొరికాయి గనుక మీవారికి చార్మినార్ అంటుకుంది. మా గోదావరి ఒడ్డున నిజాం రూపాయి చూసినవాళ్లే తక్కువ. మావాళ్లకు చిల్లు కానీలంటే ప్రాణం. యుద్ధంలో రాగి పొదుపు చేయడానికి నడిమధ్య బెజ్జం పెట్టి 1943 నుంచి 1947 దాకా కొట్టిన కానీలవి. మా నాయనమ్మ నా మొలతాడుకు ఒకటి కట్టిందట. ఇంక నేను వేరేది ఎలా మొదలుపెడతాను చెప్పండి?

వరలక్ష్మీ వ్రతానికి మా అత్తగారు తామరపువ్వు ఇరవై పైసలు 108 కూర్చాలనుకున్నారు. వందకు ఆగిపోయి, ఆ బాధ్యత నాకు అప్పగించి వెళ్లిపోయారు. వాటిలో బంగారం ఉందనేవారు. నిజమేనా?
— ఒక గృహిణి, విజయవాడ

బంగారం లేదండి. రాగే ఎక్కువ, కొంచెం అల్యూమినియం, కాస్త నికెల్. ఆ కలయికకు పచ్చటి మెరుపు వస్తుంది. 1968 నుంచి 1971 దాకా కొట్టారు. పుకారు ఎవరు పుట్టించారో గానీ, దాని పుణ్యమా అని ఆ నాణేలు చిల్లరలో కలవకుండా పూజగదుల్లో బతికాయి. లక్ష్మీదేవి కూర్చునే పువ్వు ప్రభుత్వం వారి నాణెం మీదే ఉంటే ఏ ఇల్లాలు ఖర్చు పెడుతుంది?

మిగిలిన ఎనిమిదీ కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 1970, 71లో తామర పైన సూర్యుడున్న రకం కూడా వచ్చింది. అదీ పువ్వే, పూజకు అభ్యంతరం ఉండదు. అదే పసుపు రంగులో గాంధీగారి శతజయంతి ఇరవై పైసలు కూడా ఉంటుంది. గుప్పెడు కలిపి కొంటే అది దొర్లి వస్తుంది. బేరం ఆడండి, పాత నాణేల దుకాణాల్లో ఇవి అరుదైనవేమీ కావు. ఒక మనవి: చింతపండు, పీతాంబరి జోలికి పోకండి. పూజకు తళతళలాడాలని మీకుంటుంది, కాదనను. కానీ తోమిన నాణెం పై పొరతో పాటు పువ్వు రేకుల గీతలు కూడా అరిగిపోతాయి. మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

వాట్సాప్‌లో ఒకాయన 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అర్ధణా చూపించారు. వెనక శ్రీరామ పట్టాభిషేకం. లక్షలు పలుకుతుందట. కొననా?
— ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

కొనకండి. కంపెనీ వారు 1818లో రాముడి బొమ్మతో అర్ధణా కొట్టలేదు. దేవుడి బొమ్మ అసలు వాడలేదా అంటే వాడారు. మద్రాసులో కొట్టిన మూడు స్వాముల వరహా మీద వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉంటాడు. కానీ అది చిటికెన వేలి గోరంత బంగారు బిళ్ల. మీకు చూపించింది గుడి దగ్గర అమ్మే రామటెంకి తరహా బిళ్ల. దేవుడి గూట్లో పెట్టుకోవడానికి యాభై రూపాయలకు కొంటే తప్పులేదు. "ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని రిజర్వు బ్యాంకు పేరు చెబితే మాత్రం నంబరు బ్లాక్ చేయండి. పాత నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఏ కమీషనూ అడగమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

మా నాన్నగారు ఇచ్చిన పాత పైసల సంచి ఇరవై ఏళ్లుగా విప్పలేదు. కానీ ఇక్కడికి వచ్చిన కొత్తలో రాష్ట్రాల క్వార్టర్లన్నీ, అంటే రాష్ట్రానికొకటిగా వచ్చిన పాతిక సెంట్ల నాణేలన్నీ, పట్టుబట్టి పోగేశాను. నాకు మన నాణేలంటే ప్రేమ లేదంటారా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

ప్రేమ సంగతి నాకు తెలియదు గానీ బాబూ, మీ దగ్గర అట్ట ఉండి ఉంటుంది. అమెరికా మ్యాప్ గీసి, రాష్ట్రానికో గుంట తొలిచిన అట్ట. వాళ్లు 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు చొప్పున, రాష్ట్రాలు దేశంలో చేరిన వరసలో విడుదల చేశారు. డెలావేర్ మొదటిది, హవాయి చివరిది. ఖాళీ గుంట కనిపిస్తుంటే మనిషికి నిద్ర పట్టదు. అది నిండేసరికి ఫిలడెల్ఫియా టంకశాలవి వేరు, డెన్వర్ టంకశాలవి వేరు అని ఎవరో చెవిలో వేస్తారు, మళ్లీ యాభై గుంటలు మొదలు. మీ నాన్నగారి సంచికి గుంటలు లేవు, అంతే తేడా. దాన్ని బల్ల మీద బోర్లించి, నయా పైసలొక పక్క, 1964 తర్వాత 'నయా' పోయినవి ఇంకో పక్క పెట్టి చూడండి. ఏ సంవత్సరం లేదో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయరు, ఈబే చూసుకుంటూ ఉంటారు.

మా ఊళ్లో కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి గోదావరిలో వేసి, రైళ్లలోంచి జనం విసిరిన డబ్బులు తీస్తుంటారు. నేను వాళ్ల దగ్గర కొంటుంటాను. ఒక్క రాగి కాసూ రాదేం?
— ఒక పాఠకుడు, కొవ్వూరు

రాగి, ఇత్తడి, అల్యూమినియం అయస్కాంతానికి అంటవు. రాగి, నికెల్ కలిసిన పాత రూపాయిలూ అంతే. మనకు ఉక్కు నాణేలు 1988లో పది పైసలు, పావలా, అర్ధ రూపాయి బిళ్లలతో మొదలయ్యాయి. ఉక్కు రూపాయి 1992లో వచ్చింది. కాబట్టి మీ కుర్రాళ్లు తీసేది ఎక్కువగా ఆ తర్వాతి కాలపు భక్తినే. ముందు తరాలవాళ్లు వేసింది చాలావరకు అడుగునే ఉంది. ఒకటి మాత్రం వదలకండి: 1947 నాటి పులి బొమ్మ రూపాయి. అది అచ్చ నికెల్, ఇట్టే అతుక్కుంటుంది. మునిగి తీసేవాళ్లకు ఎప్పుడైనా మట్టిలో పాతిన బిందెతో దొరికితే మాత్రం కలెక్టరుగారికి చెప్పాల్సిందే. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. విలువ పది రూపాయలు దాటితే చాలు!

నాకు నాణేల కంటే టోకెన్లు ఇష్టం. మెట్రో టోకెన్‌తో మొదలుపెడదామనుకుంటున్నాను. టోకెన్లకు విలువ లేదని నాన్న వెక్కిరిస్తున్నారు.
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

మెట్రో టోకెన్ వద్దు తల్లీ. దిగే స్టేషన్‌లో దాన్ని గేటులో వేస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పైగా అది నీది కాదు, వాళ్లది. వాడకం పోయిన టోకెన్ల వెంట పడు. మీ నాన్నగారి వయసువాళ్లు బ్యాంకులో చెక్కు ఇచ్చి, ఇత్తడి బిళ్ల పుచ్చుకుని, క్యాషియర్ తమ నంబరు పిలిచేదాకా బల్ల మీద కూర్చున్నవాళ్లే. కంప్యూటర్లు వచ్చాక ఆ బిళ్లలు తూకానికి పోయాయి. నా దగ్గర 47 నంబరుది ఒకటుంది: మొరటు ఇత్తడి, పైన తగిలించడానికి బెజ్జం, బ్రాంచి పేరు చేత్తో కొట్టిన అచ్చులో ఒక అక్షరం కిందికి జారింది. నంబరు మీద జనం బొటనవేళ్లు ఆడీ ఆడీ నాలుగు సగం చెరిగిపోయింది. అంత ఎదురుచూపు ఏ రూపాయి మీదా కనపడదు. పాత ఇత్తడి సామాన్ల దుకాణాల్లో అడుగు, తూకం ధరకే ఇస్తారు. నాన్నగారిని వెంట తీసుకెళ్లు. బేరమాడటానికి పనికొస్తారు, పైగా ఆయన పాత బ్రాంచిది తగిలితే వెక్కిరించడం మానేసి డబ్బులు ఆయనే కడతారు.