సిగ్గనిపించే పాటలతో మొదలుపెట్టకండి

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. ఏళ్ల తరబడి పోగుపడి ఇరవై వేలకు చేరిన పాటల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నది ఒకటి. నలుగురిలో మోగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పాటలన్నీ ముందు డిలీట్ చేసేస్తే పని సులువవుతుందా అన్నది రెండోది. రెండోదానికి ముందు చెప్తాను. వద్దు. నేను సరిగ్గా అదే చేసి నాలుక కరుచుకున్నాను.

నా దగ్గర 18,600 ఫైళ్లుండేవి, 112 జీబీ దాకా. పాటకు సగటున నాలుగున్నర నిమిషాలు వేసుకున్నా, తిండీ నిద్రా మానేసి వింటే 58 రోజులు పడుతుంది. రోజుకో గంట చొప్పున అయితే నాలుగేళ్లకు కాస్త తక్కువ. ఇవన్నీ నేనేం కొనితెచ్చుకున్నవి కావు, స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో ఒక్క పాట కావాల్సి వచ్చి ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవడం, కంప్యూటర్ మారినప్పుడల్లా 'పాత బ్యాకప్' అని ఒక ఫోల్డర్ పెట్టడం, దాని లోపల మళ్లీ ఇంకో 'పాత బ్యాకప్' ఉండటం, అలా పెరిగినవి. డిస్క్ నిండింది అని హెచ్చరిక వచ్చిన రాత్రి కూర్చుని, ఇక శుభ్రం చేయాల్సిందే అనుకున్నాను.

ఆ రాత్రి నాకు మొదట కంటపడినవి మీరంటున్న గిల్టీ ప్లెజర్లే, అంటే ఇష్టంగా వింటూనే బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడే పాటలు. నేను వాటిని చాటుపాటలు అంటాను (చాటు పద్యాలతో చుట్టరికం ఏమీ లేదు, చాటుగా వింటాను కాబట్టి ఆ పేరు). పదహారేళ్ల వయసులో గుండెలు బాదుకుంటూ విన్న ప్రేమ విఫలం పాటలు, అర్థం పర్థం లేని డాన్సు పాటలు, చిన్నప్పటి కార్టూన్ టైటిల్ పాట, చివరికి ఒక సబ్బు ప్రకటన కూడా. మూడు వందలకు పైనే. ఈ వయసులో ఇవేం పాటలు అనుకుంటూ ఒక్క గంటలో అన్నీ ఊడ్చేశాను. చాలా హాయిగా కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే ఆ డాన్సు పాటల్లో ఒకటి నోటికొచ్చింది. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది, రెండో చరణంలో సగానికి వచ్చేసరికి మాట అందలేదు. ఇక మనసు మనసులో లేదు. ఆ ఒక్క మాట కోసం వెతికి మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, దొరికింది చూస్తే నా పాతదానికంటే నాసిరకం కాపీ, మొదట్లోనే ఎవరో గంభీరంగా ఒక సైటు పేరు చదువుతారు. ఆ వారమే ఇంకోటి. రెండు నెలల్లో దాదాపు నలభై తిరిగొచ్చాయి, ఒక్కొక్కటీ దొంగతనంగా ఇంట్లోకి వచ్చినట్టు.

ఇంకోవైపు నేను చేయి కూడా వేయనివి ఏంటంటే, 14 డిస్కుల సింఫనీల సెట్టు, నలభై గంటల జాజ్, పెద్ద విద్వాంసుల కచేరీలు, అన్నీ లాస్‌లెస్‌లో (ధ్వనిలో ఏమీ పారేయకుండా దాచే రకం ఫైళ్లు), చక్కగా కవర్ బొమ్మలతో సహా. ప్లేయర్‌లో ప్లే కౌంట్ (పాట ఎన్నిసార్లు మోగిందో చెప్పే లెక్క) అనే గడి ఆన్ చేసి చూస్తే వాటి ఎదురుగా సున్నా. వరసగా సున్నా, సున్నా, సున్నా. ఆ సంగీతం గొప్పదే, అందులో సందేహం లేదు. నేను మాత్రం వినడానికి పెట్టుకోలేదు. ఎవరో వచ్చి నా హార్డ్ డిస్క్ తెరిచి చూసి 'అబ్బో, ఈయన రుచే వేరు' అంటారని పెట్టుకున్నాను. పదకొండేళ్లలో నా హార్డ్ డిస్క్ తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు, ఒక్క రిపేరు కుర్రాడు తప్ప, అతను కూడా ఖాళీ ఎంతుందో చూసి మూసేశాడు.

అందుకే నా మాట ఏంటంటే, సిగ్గుతో తీసేసేవి తిరిగొస్తాయి, డాబుకి దాచుకున్నవి కదలవు. మీరు కత్తెర వేయాల్సింది రెండో రకానికి.

ఎలా అంటారా. ప్లే కౌంట్ చూడండి, కానీ కళ్లు మూసుకుని నమ్మకండి. నా లిస్టులో మొదటి స్థానంలో ఉన్న పాట నాలుగు వందల సార్లు మోగింది, అది నా పొద్దుటి అలారం, దాని మొదటి తబలా దెబ్బ వింటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. రెండో స్థానంలో నిద్రపట్టడానికి పెట్టుకునే వాన చప్పుడు. ఇంకోటి, ఆ లెక్క మామూలుగా పాట ఫైల్లో ఉండదు, ప్లేయర్ తాలూకు డేటాబేస్‌లో ఉంటుంది. కంప్యూటర్ మారిస్తే చాలాసార్లు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి ఒక పాటకి సున్నా ఉందంటే ఎప్పుడూ వినలేదని కాదు, ఈ ప్లేయర్ వచ్చాక వినలేదని. కొన్ని ప్లేయర్లలో స్కిప్ కౌంట్ అని ఇంకో గడి ఉంటుంది, నన్నడిగితే అది ఇంకా నిజాయితీ గల లెక్క. పాట మొదలవగానే ఎన్నిసార్లు దాటేశారో అదే చెప్తుంది.

దీన్ని పట్టుకుని నేను చేసింది ఇది. ఏదీ డిలీట్ చేయలేదు. ముందు మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేశాను (ఈ పని మానకండి, నెట్‌వర్క్ ద్వారా తెరిచే వేరే డ్రైవ్‌లో ఉన్న ఫైలు డిలీట్ చేస్తే మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు, నేరుగా పోతుంది). తర్వాత 'వెయిటింగ్ రూమ్' అని ఒక ఫోల్డర్ పెట్టి, ఈ మధ్య వినని ప్రతిదాన్నీ, గొప్పదా చెత్తా అని చూడకుండా, అందులోకి తోసేశాను. ప్లేయర్‌కి ఆ ఫోల్డర్ కనిపించకుండా చేశాను. నియమం ఒక్కటే, ఏదైనా పాట వినాలని నిజంగా అనిపిస్తే వెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, ఊరికే తెరిచి చూడకూడదు. ఆరు నెలలు. వెనక్కి తెచ్చుకున్నవి 41. అందులో 30 చాటుపాటలు. సింఫనీల్లోంచి ఒక్క భాగం వచ్చింది, అది కూడా ఒక ప్రకటనలో వినబడి ఇదెక్కడో విన్నానే అనిపించి.

ఫైళ్లు కదిపేముందు ఒక సంగతి, మీ ప్లేలిస్టులు ఎంత్రీయూ (M3U) ఫైళ్లుగా ఉంటే వాటిలో పాటలు ఉండవు, పాటల చిరునామాలు ఉంటాయి. ఫోల్డర్ పేరు మార్చారంటే ప్లేలిస్ట్ ఖాళీ. నావి మూడు అలా పోయాయి, తర్వాత బుద్ధొచ్చి ప్లేయర్ లోపలి నుంచే కదపడం మొదలుపెట్టాను.

ఇక డూప్లికేట్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడ. ఒకే పాట నా దగ్గర నాలుగేసి చోట్ల ఉండేది. అసలు ఆల్బమ్‌లో, హిట్స్ అని ఎవరో కూర్చిన దాంట్లో, పేరు చివర బ్రాకెట్లో 1 తగిలించుకుని ఒకటి, 'ట్రాక్ 07' అని అనామకంగా ఇంకోటి. చెక్‌సమ్ (ఫైల్లోని డేటా మొత్తం నుంచి లెక్కగట్టే ఒక గుర్తు సంఖ్య) పోల్చే టూల్స్ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్న ఫైళ్లనే పడతాయి. ట్యాగులో (పాట పేరు, గాయకుడి పేరు లాంటివి ఫైల్లోనే రాసి ఉండే చీటీ) ఒక్క కామా తేడా ఉన్నా అవి వేరే ఫైళ్లే వాటి దృష్టిలో. పేర్లు పోల్చే టూల్ ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. పేరు ఒకటే కదా అని స్టూడియో పాటనీ, స్టేజీ మీద పాడిన అదే పాటనీ ఒక జతగా చూపించింది, నేను అలసిపోయి అన్నిటికీ ఓకే కొట్టేశాను, జనం చివర్లో గాయకుడితో గొంతు కలిపిన ఆ రికార్డింగు పోయింది. బ్యాకప్ తీయకముందు చేసిన మొదటి ప్రయత్నం అది. ఇంతవరకూ మళ్లీ దొరకలేదు. కాబట్టి నిడివి కూడా చూడండి, నాలుగైదు సెకన్లకు మించి తేడా ఉంటే చెవితో విని కానీ తీయకండి. పాట ధ్వనిని బట్టే పోల్చే పద్ధతి వీటన్నిటికంటే మేలు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ఉచితంగా దొరుకుతుంది, అది పాట వేలిముద్ర లాంటిది తీసి అకూస్టిక్ఐడీ డేటాబేస్‌లో వెతికి పేరు చెప్తుంది. నా 'ట్రాక్ 07'లు చాలావరకు అలాగే పేర్లు తెచ్చుకున్నాయి.

రెండు కాపీలుంటే పెద్ద ఫైలే మంచిది అనుకుంటాం, అది కూడా ఎప్పుడూ నిజం కాదు. సీడీలో ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు, నిమిషానికి పది ఎంబీ దాకా. 128 ఎంపీత్రీ (సెకనుకు 128 కిలోబిట్లు) అంటే దాన్ని పదకొండో వంతుకు కుదించడం, నిమిషానికి ఒక ఎంబీ. ఒకసారి అలా పారేసింది మళ్లీ రాదు. కానీ ఎవరో ఆ 128 ఫైలునే తీసుకుని 320గా మార్చి సైటులో పెడతారు, సైజు రెండున్నర రెట్లవుతుంది, పాట మాత్రం అదే. స్పెక్ లాంటి చిన్న ప్రోగ్రాంలో తెరిస్తే పాటలోని కింది, పై స్వరాలన్నీ ఒక బొమ్మగా కనిపిస్తాయి, 128 నుంచి వచ్చినదైతే మామూలుగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైనంతా నల్లగా ఉంటుంది. నా దగ్గర ఇలాంటివి వందలు దొరికాయి. అయితే నా వయసుకి 16 పైన నా చెవులకీ ఏమీ వినబడదని తర్వాత పరీక్షించుకుని తెలుసుకున్నాను, కాబట్టి ఈ విషయంలో మరీ టెన్షన్ పడకండి. ఆ ఉబ్బించిన ఫైళ్లు తీసేస్తే జాగా మిగులుతుంది, అంతే.

ట్యాగుల దగ్గర కూడా నాలాగా ఒక ఆదివారం మొత్తం తగలేయకండి. 1996లో వచ్చిన మొదటి రకం ఐడీత్రీ ట్యాగు మొత్తం 128 బైట్లు, అందులో పాట పేరుకి 30 అక్షరాలే చోటు. పేర్లు మధ్యలో తెగిపోయి కనిపించేది అందుకే. అందులో పాట ఏ కోవదో చెప్పడానికి ఒక అంకె ఉంటుంది, ఆ జాబితాలో సున్నా అంటే బ్లూస్, అమెరికా నల్లజాతి వాళ్ల పాటల బాణీ. ఎవరూ ఏమీ నింపక సున్నా పడి ఉంటే ప్లేయర్ దాన్ని బ్లూస్ అనే చూపిస్తుంది. నా ప్లేయర్ లెక్క ప్రకారం జోలపాటలూ బ్లూసే, ఆ సబ్బు ప్రకటన కూడా బ్లూసే. అలాగే వదిలేశాను, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

సెంటిమెంటు కాపీలని ఒక రకం ఉంటాయి, వాటిని మాత్రం నాణ్యత పేరుతో తీయకండి. నా దగ్గర ఒక పాట గీత పడిన సీడీ నుంచి ఎక్కించింది, రెండో చరణం మొదట్లో 'టక్' మని ఒక చప్పుడు. తర్వాత మచ్చలేని కాపీ దొరికింది, పాతది తీసేసి అది పెట్టాను, విన్న ప్రతిసారీ ఆ చోటికి వచ్చేసరికి చప్పుడు రాక మెట్టు తప్పినట్టు అయ్యేది. బ్యాకప్‌లోంచి పాతదే మళ్లీ తెచ్చుకున్నాను.

అన్నట్టు, వేలిముద్రకి కూడా దొరకని ఒక 'ట్రాక్ 07' మిగిలిపోయింది. ఏమిటా అని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, కరావోకే మీద ఎవరో శ్రుతి తప్పి, ఎకో దండిగా పెట్టుకుని, చాలా నమ్మకంగా పాడుతున్నారు. ఇరవై సెకన్లు విన్నాక తెలిసింది, అది నేనే. మొత్తం కలెక్షన్‌లో నిజంగా సిగ్గుపడి, బ్యాకప్‌లో కూడా లేకుండా తీసేసింది ఆ ఒక్కటే. చెల్లి దగ్గర ఇంకో కాపీ ఉందని తర్వాత తెలిసింది, ఇవ్వనంటోంది.

అన్నీ ఆన్‌లైన్‌లో వినొచ్చు కదా, ఈ గొడవంతా ఎందుకు అని ఎవరో ఒకరు అంటారు. చాలా పాటల విషయంలో నిజమే, నేను సింఫనీలు ధైర్యంగా తీసేసింది అందుకే, వాటికి ఎక్కడైనా పది రకాల రికార్డింగులు దొరుకుతాయి. చాటుపాటలకి ఆ భరోసా లేదు. హక్కుల ఒప్పందం అయిపోతే పాట స్ట్రీమింగ్ యాప్‌లోంచి ఒకరోజు ఉన్నట్టుండి మాయమవుతుంది, లేదా రీమాస్టర్ అని, పాత రికార్డింగుకు మెరుగులు దిద్ది, వేరే రకంగా వస్తుంది. ఎవరూ పట్టించుకోని చిల్లర పాటలకే మీ సొంత కాపీ ఎక్కువ అవసరం.

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి 6,200. ఇంకా తగ్గొచ్చు, తొందరేం లేదు.

మీరు చివర్లో చెప్పుకున్న షఫుల్ భయం ఒకటి మిగిలింది, ప్లేయర్ తనకు తోచిన వరసలో పాటలు వేస్తుంటే అతిథులు ఉన్నప్పుడు స్పీకర్లో ఏది మోగుతుందో అని. దానికి డిలీట్ అక్కర్లేదు. చాటుపాటలకి ఒక ట్యాగు పెట్టి, ఆ ట్యాగు లేనివన్నీ వచ్చేలా ఒక స్మార్ట్ ప్లేలిస్ట్ (మనం పెట్టిన నియమం ప్రకారం పాటల్ని తనంతట తానే ఏరుకునేది) చేసుకోండి, ఎవరైనా వచ్చినప్పుడు దాన్నే షఫుల్ చేయండి. నేను ఏడాది పాటు అలాగే చేశాను. మొన్న మర్చిపోయి మొత్తం లైబ్రరీ షఫుల్‌లో పెట్టాను, ఆ బట్టలు మడతపెట్టిన రోజు పాటే మోగింది. నేను రిమోట్ వెతుక్కునేలోగా సోఫాలో ఉన్న మా ఆఫీసు స్నేహితుడు రెండో చరణం మొత్తం, ఒక్క మాట తప్పకుండా పాడేశాడు.