5,000 రూపాయల్లో తుఫాను సామాను: అటక మీద దాచేవి కొనకండి

మీ ప్రశ్న చదివాను. ఒడిశా బరంపురంలో అమ్మగారితో అద్దె ఇంట్లో ఉంటున్నారు, ఏటా అక్టోబరు వచ్చేసరికి తుఫాను టెన్షన్, చేతిలో 5,000 ఉన్నాయి. వాటర్‌ప్రూఫ్ జాకెట్, కార్గో ప్యాంటు, ట్రెక్కింగ్ బూట్లు, 50 లీటర్ల బ్యాగు కొని ఒక మూల సిద్ధంగా పెట్టుకోవాలనుంది, ఏ కంపెనీవి మంచివి అని అడిగారు. కంపెనీల మాట వదిలేద్దాం. మాదీ ఒడిశాలోనే, గజపతి జిల్లా పర్లాకిమిడి. మీ లిస్టులో ఉన్న నాలుగింటిలో రెండు తిత్లీ తుఫాను పోయాక నేనూ కొన్నాను. వాటి గతి ఏమైందో వింటే మీ డబ్బు కొంత మిగలొచ్చు.

ముందు బూట్ల కథ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మాకు గాలి దెబ్బ కంటే ఆ తర్వాత కురిసిన వాన దెబ్బ ఎక్కువ. మహేంద్రతనయ నది పొంగింది, మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. వెనక గది రేకులు లేచిపోయాయి. అమ్మానాన్నల్ని ఎదురింటి శ్లాబు ఇంట్లోకి చేర్చాలి. ఉన్నవి హవాయి చెప్పులు. నాలుగు అడుగులు వేశానో లేదో ఒక చెప్పు నీళ్ళలో కొట్టుకుపోయింది, బురద కింద ఉన్న పెంకు ముక్క అరికాల్లో దిగింది. టిటనస్ ఇంజెక్షను, కుట్లు, మూడు వారాల కుంటుడు. వరద నీళ్ళలో గాయంతో తిరిగితే ఎలుక జ్వరం రావచ్చని డాక్టరు గారు భయపెట్టింది కూడా అప్పుడే.

ఆ కసితో మూడున్నర వేలు పెట్టి ట్రెక్కింగ్ బూట్లు కొన్నాను. 'ఇవి తుఫానుకే' అని డబ్బాతో సహా అటకెక్కించాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను వచ్చిన సాయంత్రం దించి, లేసులు బిగించి, గుమ్మం దిగాను. కుడి బూటు అడుగు సగం ఊడి నాలుకలా వేలాడుతోంది. ముట్టుకుంటే రస్కు ముక్కలా పొడి రాలింది. ఎడమది ఇంకో పది అడుగులు వచ్చింది, అంతే. పెద్ద గండంలో ఉన్నామన్నమాటే గానీ మా ఆవిడకి నవ్వు ఆగలేదు.

తర్వాత చెప్పులు కుట్టే ఆయన చూసి, 'వాడకపోతేనే పోతాయి బాబూ ఇవి' అన్నాడు. మెత్తగా, తేలిగ్గా ఉండే ఆ సోలు పాలీయురెథేన్‌ది. గాలిలో తేమ తగిలి లోలోపలే విడిపోతుంది. డబ్బాలో మూసిపెట్టినంత మాత్రాన అది ఆగదు. మన తీరం వైపు తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బాలో ఉప్పే నీరైపోతుంది. నా వాటర్‌ప్రూఫ్ జాకెట్టుకూ ఇదే పట్టింది. మడత పెట్టి దాచినది దాచినట్టే లోపలి పూత జిగురై అతుక్కుపోయింది. విప్పితే పొలుసులు పొలుసులుగా ఊడింది.

అందుకే నా లెక్క ఇప్పుడు ఒకటే: మామూలు రోజుల్లో వాడుకోలేని వస్తువు తుఫాను కోసం కొనను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఫారెస్టు గార్డులు అడవిలో వేసుకునే లాంటి గుడ్డ బూట్లు, రబ్బరు సోలువి. నేను కొన్నప్పుడు ఆరు వందలు. నీళ్ళు లోపలికి వస్తాయి, మళ్ళీ బయటికి పోతాయి. ఆదివారం పొలానికి అవే. మోకాలి దాకా వచ్చే గంబూట్లు బురదకి బాగుంటాయి గానీ నీళ్ళు పైనుంచి లోపలికి దిగాయా, కాలు ఎత్తలేరు.

కార్గో ప్యాంటు సంగతి. తిత్లీ రోజు నేను వేసుకున్నది జీన్స్. తడిసి కాళ్ళకి చుట్టుకుపోయింది, తొడలు ఒరుసుకుని మంట, గాలికి వణుకు. అక్టోబరులో మనకి చలి ఉండదనుకుంటాం గానీ తడి బట్టతో గాలిలో రెండు గంటలు నిలబడితే పళ్ళు టకటకలాడతాయి. నూలు నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, త్వరగా ఆరదు. మందపాటి నూలు కార్గో ప్యాంటు కూడా అంతే, పైగా జేబులన్నీ నీళ్ళ సంచులు. కుర్రాళ్ళు ఆటలకి వేసుకునే పాలిస్టరు టీషర్టు, ట్రాక్ ప్యాంటు కొనండి. రెండూ కలిపి ఐదారు వందల లోపే. పిండి దులిపితే ఒంటి మీదే ఆరిపోతాయి. దాని మీదకి ఒక స్వెట్టరు చాలు. చలికాలంలో టిబెటన్లు బజార్లో అమ్ముతారు చూడండి, అలాంటిది. ఉన్నిదైతే తడిసినా కాస్త వెచ్చదనం నిలుస్తుంది. మిలిటరీ చారల బట్టలు మాత్రం వద్దు. చూడ్డానికి హీరోలా ఉంటాయి గానీ మా గజపతి కొండల్లో అలా తిరిగితే ఊరివాళ్ళకీ అనుమానమే, పోలీసులకీ అనుమానమే. ఎరుపో, నారింజో, పసుపో వేసుకోండి. ఒడ్రాఫ్ (ఒడిశా విపత్తు సహాయ దళం) వాళ్ళు పడవలో వస్తే దూరం నుంచి కనబడాలి కదా.

మా తాత వానకి తాటాకు గిడుగు పెట్టుకునేవాడు. (గిడుగు రామమూర్తి గారు పంతులుగా చేసింది మా ఊళ్ళోనే, కాబట్టి ఆ మాటంటే మాకు కొంచెం గర్వం.) ఇప్పుడు దాని బదులు బైకు వాళ్ళు వేసుకునే రెండు ముక్కల రెయిన్‌కోటు. కొనేముందు తిరగేసి కుట్లు చూడండి. కుట్టు మీద ప్లాస్టిక్ పట్టీ అతికించి ఉండాలి. లేకపోతే గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు రంధ్రాల్లోంచి నీళ్ళు కారతాయి. ఇంటికి తెచ్చాక భుజం దగ్గర కుట్టుని దొప్పలా పట్టుకుని చెంబుడు నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగండి. కారితే మార్చుకోవచ్చు. తలమీంచి దుప్పటిలా వేసుకునే పాంచో చవకే గానీ తుఫాను గాలికి గొడుగులా లేచిపోతుంది, నడుముకి తాడు కట్టాల్సిందే. రెయిన్‌కోటుని మడత పెట్టకుండా కొక్కేనికి తగిలించండి, ప్రతి వానలో వాడండి.

బ్యాగుకి డబ్బు తగలేయకండి. పాత కాలేజీ బ్యాగు చాలు. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, మూతి మెలితిప్పి, మడిచి, రబ్బరు బ్యాండు వేయండి. మా ఇంటి పట్టా కాగితాలు గులాబ్‌లో అలాగే పొడిగా ఉన్నాయి. రెయిన్ కవరు ఉన్న ఖరీదైన బ్యాగులో మా బావమరిది సర్టిఫికెట్లు ముద్దయ్యాయి, ఎందుకంటే కవరు వెనకవైపుని కప్పదు, వీపు మీంచి కారిన నీళ్ళు అటునుంచే దిగాయి.

మిగిలిన డబ్బు వెలుతురు మీద పెట్టండి. తిత్లీ తర్వాత మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. తలకి కట్టుకునే లైటు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక చేత్తో టార్చి పట్టుకుని ముసలివాళ్ళని మెట్లెక్కించి చూడండి, తేడా తెలుస్తుంది. సెల్స్‌తో పనిచేసేదైతే సెల్స్ తీసి విడిగా పెట్టండి, లోపలే ఉంచితే కారి స్ప్రింగు తినేస్తాయి. పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది గానీ ఓల్టేజీ మార్పులో పోగా ఫోనుకి చేరేది 6,000 చిల్లరే. రోజూ వాడుకోండి, తుఫాను హెచ్చరిక వినగానే నిండా ఎక్కించండి. అద్దె ఇల్లంటున్నారు, పైన రేకులైతే ఒక బరకం, పది మీటర్ల నైలాను తాడు కూడా తీసుకోండి.

ఇంకొకటి. మీ లిస్టు రెండుసార్లు చదివాను, అందులో అన్నీ మీ సైజువే. తిత్లీ రోజు మా అమ్మ చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అడ్డంపడి, అరవై అడుగుల వీధి దాటడానికి పావుగంట పట్టింది. వెనక పట్టీ ఉన్న రబ్బరు సాండల్స్ ఒక జత, ఆవిడ ఒప్పుకుంటే ఒక సల్వారు, ఇంకో రెయిన్‌కోటు. బజారుకి వెళ్ళేటప్పుడు అమ్మగారి కాలి కొలత కాగితం మీద గీసుకుని వెళ్ళండి, ముందు అవి కొన్నాకే మీవి చూసుకోండి.