స్ట్రైకర్ ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మేం రిటైరైన అయిదారుగురం కలిసి చిన్న కేరమ్స్ క్లబ్ నడుపుతున్నాం. మంచి బోర్డులు మూడున్నాయి, ఫీజు లేదు. అయినా కుర్రాళ్లు ఒకరోజు వస్తారు, రెండోరోజు కనపడరు. ఈ ఫోన్ల కాలంలో వాళ్లను బోర్డు దగ్గర కూర్చోబెట్టడం అయ్యే పనేనా అండీ?

జవాబు: అయ్యే పనేనండీ, కానీ ముందు ఫోన్‌ని తిట్టడం ఆపాలి. మొదటిరోజు కూడా వాడు జేబులో ఫోన్ పెట్టుకునే వచ్చాడు కదా! ఆరోజు వాడి చేతికి స్ట్రైకర్ ఎంతసేపు దొరికిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పద్ధతి ప్రకారం గేమ్ అంటే 25 పాయింట్లు లేదా 8 బోర్డులు (ఇక్కడ బోర్డు అంటే కాయిన్లు పేర్చి ఆడే ఒక రౌండ్), ఏది ముందయితే అది. ఒక బోర్డులో ఎంత బాగా ఆడినా, ఎదుటివాళ్ల 9 కాయిన్లు మిగిలిపోయి (ఒక్కోటి 1 పాయింటు) రెడ్ (3 పాయింట్లు) మీకే వచ్చినా, 12కి మించి రావు. అంటే తక్కువలో తక్కువ మూడు బోర్డులు. అందులోనూ మీలాంటి చెయ్యి తిరిగినవాళ్లు మొదలుపెడితే వరసగా నాలుగైదు కాయిన్లు వేసేస్తారు, కుర్రాడు ఎదురుగా కూర్చుని చూస్తుంటాడు, తీరా వంతు వచ్చేసరికి టెన్షన్‌తో వేలు బిగుసుకుపోయి స్ట్రైకరే పాకెట్లో పడుతుంది. పైగా ఫైన్! చుట్టూ ఉన్న నలుగురూ నవ్వుతారు. అదే ఫోన్‌లో ఓడిపోతే ఎవరూ చూడరు, మరుక్షణం ఇంకో గేమ్ మొదలవుతుంది.

అందుకని కొత్తవాళ్లకి ఒక్క బోర్డుతోనే గేమ్ అయిపోయేట్టు పెట్టండి. మొదటి రెండు వారాలు రెడ్ వద్దు, ఫైన్ వద్దు. వాళ్లలో వాళ్లనే ఆడనివ్వండి, లేదా డబుల్స్‌లో ఒక్కొక్కరికి మీలో ఒకరు జతగా కూర్చోండి. ఎవరైనా బొటనవేలితో కొడితే "అలా కాదు బాబూ" అని వేలు పట్టుకుని సరిచేయకండి (మనకి ఇది మహా కష్టం, నాకు తెలుసు). బొటనవేలితో కొట్టడానికి అంతర్జాతీయ నియమాలు కూడా ఒప్పుకుంటాయి.

పాఠాలు చెప్పడం కంటే ఒక షాట్ చూపించండి. మీ వైపు పాకెట్ అంచున ఆగిపోయిన కాయిన్ని, స్ట్రైకర్‌తో ఎదుటి ఫ్రేముని కొట్టి, అది వెనక్కి వచ్చి పడేసేలా వేయండి. ఏం మాట్లాడకుండా స్ట్రైకర్ వాళ్ల ముందుకి జరపండి. పది సార్లు తప్పుతుంది, పదకొండోసారి పడిందంటే ఆ పిల్లాడు రేపు కూడా వస్తాడు.

అన్నట్టు, మీరు కుర్రాళ్ల గురించే రాశారు, మరి అమ్మాయిలు? 2024లో అమెరికాలో జరిగిన కేరమ్ ప్రపంచ కప్‌లో చెన్నై అమ్మాయి కాజీమా 3 బంగారు పతకాలు తెచ్చింది. వాళ్లనీ పిలవండి.

ఇంకొకటి. మూడింటిలో ఒక బోర్డు పూర్తిగా పిల్లలకే వదిలేయండి, స్కోరు కూడా వాళ్లే రాసుకుంటారు. గోల చేస్తారు, పౌడరు అవసరానికి మించి చల్లుతారు, లెక్క దగ్గర కొట్టుకుంటారు. పిలిచేదాకా మీరు ఆ వైపు వెళ్లకండి.